కోవిడ్ తగ్గినా తేరుకోని పెద్దలు: దీర్ఘవ్యాధులున్న ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

షుగరు, బీపీ, ఆస్తమా, గుండెజబ్బు, కిడ్నీ సమస్య వంటివి ముందునుంచే ఉండి, అరవై దాటాక కోవిడ్ వచ్చి తగ్గినవారి కోసం, వారిని చూసుకుంటున్న ఇంటివారి కోసం ఈ సమాధానాలు రాశాము. ఇవి వైద్యుడి సలహాకు బదులు కావు. వైద్యుడిని ఏమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రం పనికివస్తాయి.

జ్వరం పోయి నెలన్నర దాటింది, పరీక్షలో నెగటివ్ కూడా వచ్చింది. అయినా మా నాన్నగారు స్నానం చేసి వస్తే చాలు, గంటసేపు పడుకుండిపోతున్నారు. ఇది మామూలేనా?

తరచుగా కనబడేదే గాని, పట్టించుకోకుండా వదిలేయవలసినది కాదు. వైరస్ ఒంట్లోంచి పోవడం వేరు, అది వచ్చి వెళ్ళినప్పుడు జరిగిన నష్టం పూడడం వేరు. నలభై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి రెండు మూడు వారాల్లో పూడే నష్టం, పదిహేనేళ్ళుగా షుగరుతో ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషికి నెలల తరబడి పూడకపోవచ్చు. అందువల్ల ఎన్ని రోజులైందన్న లెక్క కంటే, పరిస్థితి ఎటు పోతోందన్నది ముఖ్యం. నిన్నటితో నేటిని పోల్చవద్దు, ఎందుకంటే రోజుకో తీరుగా ఉండడం ఈ దశకు సహజం. రెండు వారాల క్రితం మంచం పక్కనే స్పాంజి స్నానం చేసినవారు ఇప్పుడు స్నానాలగదికి వెళ్ళి రాగలుగుతున్నారంటే, నెమ్మదిగానైనా తేరుకుంటున్నట్టే. నెల రోజులుగా ఎక్కడివారు అక్కడే ఉన్నా, వెనక్కి పోతున్నా, కారణం వెతకాలి.

దీన్నేనా లాంగ్ కోవిడ్ అంటున్నది?

కావచ్చు, కాకపోనూ వచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ మొదలైన సుమారు మూడు నెలల తరువాత కూడా కనబడుతూ, కనీసం రెండు నెలలు కొనసాగుతూ, మరే జబ్బుతోనూ వివరించలేని లక్షణాలను ఆ స్థితిగా పరిగణిస్తారు. ఇందులో చివరి షరతును మన ఇళ్ళలో ఎవరూ గమనించరు. దీర్ఘవ్యాధులున్న పెద్దవారిలో ఆయాసానికి, నిస్సత్తువకు, మతిమరుపుకు మరో కారణం దొరికే అవకాశం ఎక్కువ. ఆ కారణాలకు చాలావరకు వైద్యం ఉంది. లాంగ్ కోవిడ్‌కు మాత్రం నేరుగా నయం చేసే మాత్ర ఇంకా లేదు. అందుకే ఆ పేరు పెట్టేముందు మిగతావన్నీ చూసుకోవడం రోగికే లాభం.

ఎవరిని అడిగినా "ఈ వయసులో ఇంతేనండీ" అంటున్నారు. నిజమేనా?

వయసు ఒక పరిస్థితే తప్ప రోగ నిర్ధారణ కాదు. జనవరిలో సంతకు నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చుకున్న మనిషి మార్చిలో గడప దాటలేకపోతున్నాడంటే, ఆ రెండు నెలల్లో ఆయనకు పెరిగిన వయసు రెండు నెలలే. ఆ సమాధానంతో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఇలాంటి నిస్సత్తువ వెనుక సాధారణంగా నాలుగు పాయలు కలిసి ఉంటాయి. మొదటిది కోవిడ్ నేరుగా చేసిన హాని: ఊపిరితిత్తుల్లో మిగిలిన వాపు, మచ్చలు, గుండె కండరం మీద పడిన ఒత్తిడి, నాడీవ్యవస్థలో వచ్చిన మార్పులు. రెండవది, ఈ సందట్లో అదుపు తప్పిన పాత జబ్బు. మూడవది మంచం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారినే పది రోజులు మంచం మీద ఉంచి చూసినప్పుడు, ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ తగ్గినట్టు తేలింది. జ్వరంతో, తిండి సహించక పడుకున్నవారికి అంతకన్నా ఎక్కువే పోతుంది. నాలుగవది మందులు: ఆసుపత్రిలో కొత్తగా మొదలుపెట్టి ఆపడం మరిచినవి, పాతవాటిలో ఇప్పుడు మోతాదు సరిపడనివి. ఏ పాయ ఎంత అన్నది విడదీసి చూస్తే తప్ప ఏ వైద్యమూ కుదురుకోదు. బలానికని సెలైన్ ఎక్కించుకుని రావడం ఈ నాలుగింటిలో దేనికీ జవాబు కాదు. గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీలు సరిగా పనిచేయనివారికి అది ఆయాసాన్ని పెంచే ప్రమాదం కూడా ఉంది.

అయితే ముందుగా ఏ పరీక్షలు చేయించాలి?

ఖరీదైన ప్యాకేజీలు అవసరం లేదు. రక్తహీనతను చూపే సీబీసీ, కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగరు, థైరాయిడ్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రేలతో చాలా సంగతులు బయటపడతాయి. బీపీకి నీరు తీసే రకం మాత్రలు వాడే పెద్దవారిలో సోడియం పడిపోవడం సర్వసాధారణం. పైకి అది మగతగా, తూలుడుగా, తికమకగా కనబడుతుంది. ఏళ్ళ తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గి, కాళ్ళ తిమ్మిర్లు, నీరసం రావచ్చు. ఆయాసం, కాళ్ళ వాపు ఉంటే గుండెకు ఎకో అనే స్కాన్ అవసరమవుతుంది. సీటీ స్కాన్ మాత్రం వైద్యుడు చెబితేనే తీయించండి. ఊపిరితిత్తుల్లో నీడలు కరగడానికి మూడు నెలలు పట్టడం మామూలు గనుక, తొందరపడి మళ్ళీ మళ్ళీ తీయిస్తే భయం తప్ప ప్రయోజనం ఉండదు.

మన ప్రాంతంలో మరిచిపోకూడనిది క్షయ. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంకాలం జ్వరం తగులుతున్నా, బరువు తగ్గుతున్నా, దాన్ని కోవిడ్ దగ్గు అనుకుని సిరప్‌లతో కాలం గడపవద్దు. కళ్ళె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. షుగరు ఉండి, స్టెరాయిడ్లు వాడినవారిలో ఈ అనుమానం ముందే రావాలి.

ఒకరు నడిపించమంటారు, ఒకరు పూర్తి విశ్రాంతి ఇవ్వమంటారు. ఎవరి మాట వినాలి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఇంట్లో గొడవలకు కారణమయ్యేదీ ఇదే. ఇద్దరూ సగం నిజం చెబుతున్నారు. కండ పోయినందువల్ల వచ్చిన బలహీనతకు కదలికే మందు, పడుకున్నకొద్దీ అది పెరుగుతుంది. కోవిడ్ తరువాత కొందరికి వచ్చే మరో రకం అలసటలో మాత్రం, శక్తికి మించి చేసిన పని అప్పటికప్పుడు బాధించదు. కొన్ని గంటల తరువాతో, మర్నాడో, ఒక్కొక్కప్పుడు రెండు మూడు రోజులకో మనిషిని పడగొడుతుంది. ఒళ్ళునొప్పులు, తలభారం, నిద్ర పట్టకపోవడం, మాట తడబడడం దాని గుర్తులు. ఇటువంటివారిని "లేచి నడిస్తే అదే తగ్గుతుంది" అని రోజురోజుకూ దూరం పెంచుతూ నడిపిస్తే హాని జరుగుతుంది. ఇదే తీరున పనిచేశాక కూలిపోయే దీర్ఘకాలపు నిస్సత్తువ జబ్బు ఒకటి వైద్యులకు ముందే తెలుసు. దానికి అలా మెట్లమెట్లుగా వ్యాయామం పెంచే పద్ధతిని ఇవ్వవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2021లో స్పష్టం చేసింది.

తేడా తెలుసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. ఈరోజు ఎంతసేపు నడిచారు, ఎవరు వచ్చి వెళ్ళారు, ఎంతసేపు ఫోనులో మాట్లాడారు, మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉన్నారు అన్నవి రాయండి. మాట్లాడడం, లెక్కలు చూడడం, పరామర్శకు వచ్చినవారి ఎదుట ఓపిక తెచ్చుకుని కూర్చోవడం కూడా పనే. నడిచిన మర్నాడు కాళ్ళు కొద్దిగా పట్టేసి, మనిషి మాత్రం హుషారుగానే ఉంటే, అది కండ బలహీనత. అప్పుడు వారానికి కొంచెంగా పెంచవచ్చు. మర్నాడు మంచం దిగలేకపోతుంటే, చేసినదానిలో సగానికి తగ్గించి, కొన్నాళ్ళు అక్కడే ఆగాలి. కాస్త బాగున్న రోజున పేరుకున్న పనులన్నీ ముగించేయాలన్న ఆత్రం పెద్దవారిలో ఎక్కువ. ఆపవలసింది ఆ ఆత్రాన్నే.

పనిని విడగొట్టడం ఒక నేర్పు. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వేసుకోవడం, కూరగాయలు కూర్చుని తరగడం, పూజ, స్నానం, అల్పాహారం మూడూ ఒక గంటలో కాకుండా మధ్యమధ్య విశ్రాంతితో ముగించడం వంటివి చిన్నవిగా కనబడినా వాటివల్ల శక్తి మిగులుతుంది. కండ బలానికి నడక ఒక్కటే సరిపోదు. చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం వంటివి రోజుకు రెండు మూడు సార్లు, ఐదేసి చొప్పున మొదలుపెట్టవచ్చు. ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్ళు తిరగడం ఉన్నవారు గుండె పరీక్ష అయ్యేవరకు ఇవేవీ మొదలుపెట్టకూడదు.

ఆక్సీమీటరులో ఎంత ఉంటే భయపడాలి?

కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండడం మంచిది. మామూలుగా ఆ స్థాయిలో ఉండేవారికి 92 లేదా తక్కువ చూపిస్తే వైద్య సహాయం వెంటనే కావాలి. అయితే ఏళ్ళ తరబడి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) ఉన్నవారిలో కొందరికి వైద్యులే 88 నుంచి 92 మధ్య లక్ష్యంగా పెడతారు. అటువంటివారికి ఇంట్లోవారే ఆక్సిజన్ ఎక్కువ పెట్టేయడం ప్రమాదకరం. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, కొద్ది అడుగులు వేయగానే మూడు శాతానికి మించి పడిపోతుంటే, ఊపిరితిత్తులు ఇంకా తేరుకోలేదని అర్థం. ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు గాని గోరింటాకు గాని ఉన్నా అంకె తప్పుగా రావచ్చు. ముదురు ఛాయ చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపే అవకాశం కూడా ఉంది. అంకె బాగున్నా మనిషి బాగాలేకపోతే మనిషినే నమ్మండి.

కోవిడ్‌కు ముందు అదుపులో ఉన్న షుగరు ఇప్పుడు ఎందుకు ఎగిరిపడుతోంది?

తీవ్రమైన ఏ జబ్బుకైనా షుగరు పెరుగుతుంది. పైగా ఆక్సిజన్ అవసరమైనవారికి 2020 జూన్ నుంచి ప్రపంచమంతటా ఇస్తున్న డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే ఆసుపత్రిలో చాలామందికి ఇన్సులిన్ మొదలుపెట్టారు. అసలు చిక్కు ఇంటికి వచ్చాక వస్తుంది. స్టెరాయిడ్ ఆపేశాక ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. డిశ్చార్జి కాగితంలో రాసిన మోతాదే కొనసాగిస్తే, తిండి సరిగా తినని పెద్దమనిషికి తెల్లవారుజామున షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మాట కనబడితే ముందు షుగరు చూడండి. 70 కంటే తక్కువ ఉంటే చక్కెర నీళ్ళు ఇచ్చి, పావుగంట తరువాత మళ్ళీ చూడండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటును చూపుతుంది గనుక, ఈ తొలి వారాల్లో గ్లూకోమీటరు చూపే అంకెలే ఎక్కువ ఉపయోగం.

మూడు వారాలకు మించి స్టెరాయిడ్ వాడినవారు దాన్ని సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. బీపీ పడిపోయి, విపరీతమైన నిస్త్రాణ వస్తుంది. 2021 వేసవిలో మన రాష్ట్రాల్లో నల్లఫంగస్ అని పిలిచిన మ్యూకర్‌మైకోసిస్ విజృంభించినప్పుడు, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. ఆ రోగుల్లో చాలామంది షుగరు అదుపు తప్పి, స్టెరాయిడ్లు వాడినవారే. ముఖానికి ఒకవైపు నొప్పి లేదా వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, పళ్ళు కదలడం, ఒకటి రెండుగా కనబడడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి. బీపీ మాత్ర ఆపేయవచ్చా?

మీకు మీరుగా ఆపకండి, అలాగని ఊరుకోకండి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలుచున్న మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూడండి. పై అంకె 20 లేదా అంతకు మించి తగ్గుతుంటే, ఆ రెండు అంకెలూ వైద్యుడికి చెప్పండి. బరువు తగ్గి, ఉప్పు, నీళ్ళు తక్కువగా తీసుకుంటున్న మనిషికి పాత మోతాదు ఎక్కువైపోవడం సహజం, దాన్ని సవరించడం వైద్యుడికి తేలిక పని. మెటొప్రొలాల్, అటెనొలాల్ వంటి బీపీ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే గుండెకు ప్రమాదం. ఈలోగా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, తరువాత లేవాలి. రాత్రి మూత్రవిసర్జనకు లేచేటప్పుడే ఎక్కువమంది పడతారు గనుక దీపం, చేతికి ఆసరా ఉండాలి. తుంటి ఎముక విరిగితే, కోవిడ్ కంటే పెద్ద కథ మొదలవుతుంది.

కోవిడ్ తరువాతి వారాల్లో, నెలల్లో గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం మామూలుకంటే ఎక్కువగా కనబడ్డాయి. షుగరు ఉన్నవారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే, ఆయాసంగానో చల్లటి చెమటగానో రావచ్చు.

ఒళ్ళునొప్పులకు మాత్రలు, బలానికి కషాయాలు, కొబ్బరినీళ్ళు ఇస్తున్నాము. పరవాలేదా?

పారాసిటమాల్ తగిన మోతాదులో పరవాలేదు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీ, గుండె జబ్బులున్నవారికి మంచివి కావు. మందుల దుకాణంలో అడిగినవెంటనే ఇస్తారు కదా అని కొనవద్దు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవారికి, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు వాడేవారికి పొటాషియం ఇప్పటికే ఎక్కువగా ఉండవచ్చు గనుక, రక్తపరీక్ష చూశాకే తాగాలి. అల్లం, మిరియాలు వేసిన పలుచని కషాయం గొంతుకు హాయిగా ఉంటుంది. అతిమధురం వేసిన కషాయాన్ని రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మూలికా మందు ఏది వాడుతున్నా వైద్యుడి దగ్గర దాచవద్దు.

ఏమి పెడితే బలం వస్తుంది?

పెద్దవారి పళ్ళెంలో తరచుగా కనబడేది మెత్తటి అన్నం, చారు, మజ్జిగ. అరుగుతుందని అవే పెడతారు. పోయిన కండ తిరిగి రావడానికి అవి చాలవు. జబ్బునుంచి తేరుకుంటున్న పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. అంటే అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, గిన్నెడు ముద్దపప్పులో కూడా దాదాపు అంతే. కాబట్టి ఒక్క పూటలో కాకుండా మూడు పూటలా పంచాలి. పొద్దున పెసరట్టు, గుడ్డు, మధ్యాహ్నం పప్పు, చేప లేదా చికెన్, గట్టి పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు లేదా పాలు, ఇలా. శాకాహారులకు పనీరు, మీల్‌మేకర్, వేరుశనగ సాయపడతాయి. రాగిజావ మంచిదే గాని, షుగరు ఉన్నవారికి అది కూడా పిండిపదార్థమేనని గుర్తుంచుకోవాలి. డయాలసిస్ లేని కిడ్నీ రోగులకు ఈ లెక్క వర్తించదు. వారికి ఎంత పెట్టాలో కిడ్నీ వైద్యుడే (నెఫ్రాలజిస్టు) చెప్పాలి.

వాసన ఇంకా తెలియడం లేదు.

లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం వంటి నాలుగు వాసనలను ఒక్కొక్కటి ఇరవై సెకన్ల చొప్పున, రోజుకు రెండుసార్లు, కనీసం మూడు నెలలు శ్రద్ధగా పీల్చే అభ్యాసం కొందరికి మేలు చేస్తుంది. అప్పటివరకు గ్యాస్ లీకయినా తెలియదు గనుక రాత్రి సిలిండరు రెగ్యులేటరు ఆపేయాలి. పాడైన కూరను మరొకరు చూసి చెప్పాలి.

మా అమ్మగారు మనుషులను పోల్చుకోలేకపోతున్నారు, పగలంతా మగతగా ఉంటున్నారు. ఇది మతిమరుపు జబ్బా?

రోజుల వ్యవధిలో మొదలై, పూటపూటకు మారుతుంటే ముందుగా అనుమానించవలసినది డెలీరియం, అంటే ఒంట్లోని మరో సమస్యవల్ల ఉన్నట్టుండి వచ్చే తికమక స్థితి. దీని వెనుక మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, షుగరు హెచ్చుతగ్గులు, ఆక్సిజన్ తగ్గడం, మలబద్ధకం, మందులు ఉండవచ్చు. అరిచి గోల చేసేవారిని అందరూ గుర్తిస్తారు. మౌనంగా ముడుచుకుపోయేవారిని "విశ్రాంతి తీసుకుంటున్నారు" అని వదిలేస్తారు. ఇది అత్యవసరం, ఆ రోజే చూపించాలి. కళ్ళజోడు, చెవి మిషను పెట్టడం, పగలు వెలుతురులో కూర్చోబెట్టడం, తెలిసిన గొంతు వినబడేలా చూడడం ఎంతో సాయపడతాయి.

నెలల తరబడి ఉండే మరపు, మాట వెతుక్కోవడం వేరు. చాలామందిలో నెమ్మదిగా తగ్గుతాయి. ఆరునెలలైనా తగ్గకపోతే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలి.

నిద్ర పట్టడం లేదు, దిగులుగా ఉంటున్నారు. నిద్రమాత్ర ఇవ్వవచ్చా?

ఆల్ప్రాజొలామ్ వంటివి పెద్దవారిలో తూలి పడడాన్ని, తికమకను పెంచుతాయి. చాలాకాలంగా వాడుతున్నవారు మాత్రం వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, వైద్యుడి సలహాతో తగ్గించాలి. తోడబుట్టినవారినో, జీవిత భాగస్వామినో అదే కోవిడ్‌లో పోగొట్టుకున్నవారి దిగులుకు మాత్ర ఒక్కటే ఎలా సరిపోతుంది? కడసారి చూపు దక్కని దుఃఖం, కర్మకాండలు సరిగా జరగలేదన్న బాధ ఇంకా మనసులో ఉండవచ్చు, మాట్లాడనివ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

వెంటనే 108కి ఎప్పుడు ఫోను చేయాలి?

విశ్రాంతిలోనూ ఆయాసం, ఛాతీ నొప్పి లేదా బిగుతు, పెదవులు నీలంగా మారడం, మూతి వంకరపోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తేడా రావడం, స్పృహ తప్పడం కనబడినప్పుడు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే చూపించాలి.

మళ్ళీ కోవిడ్ వస్తే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితిని ఎత్తివేసింది గాని, వైరస్ ఎక్కడికీ పోలేదు. జలుబు, జ్వరం వచ్చిన తొలి రోజునే పరీక్ష చేయించి వైద్యుడిని కలవాలి. వైరస్‌ను అణిచే నిర్మాట్రెల్విర్, రిటొనావిర్ మాత్రలను ఐదు రోజుల లోపే మొదలుపెట్టాలి. వాటికి కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, రక్తం పలుచబరిచే మందులతో పొసగదు గనుక వాడుతున్న మందులన్నీ ముందే చెప్పాలి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా, పెద్దవారి గదిలోకి మాస్కుతోనే వెళ్ళండి.

పిల్లలం అమెరికాలో ఉన్నాము. దూరం నుంచి ఏమి చేయగలము?

వీడియో కాల్‌లో "ఎలా ఉన్నావు నాన్నా" అంటే "బాగానే ఉన్నాను" అనే వస్తుంది. దాని బదులు కుర్చీలోంచి లేచి, గది చివరకు వెళ్ళి రమ్మనండి. చేతుల ఆసరా లేకుండా లేవగలిగారా, మాట్లాడుతూ నడవగలిగారా అన్నది కళ్ళకే కనబడుతుంది. ఒక వైద్యుడిని ముఖ్యుడిగా ఎంచుకుని, మిగతా స్పెషలిస్టులు రాసిన మందులన్నీ ఆయన కంటపడేలా చూడడం మీరు చేయగల అతి పెద్ద సాయం. మీ ఊళ్ళోని స్నేహితులు పంపే విటమిన్ డబ్బాలు అంత అవసరం కాదు.

వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఏమి తీసుకెళ్ళాలి?

ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, కోవిడ్‌కు ముందు చేయించిన పాత రిపోర్టులు, మర్నాటి పరిస్థితి రాసిన నోటుపుస్తకం, షుగరు, బీపీ అంకెలు తీసుకెళ్ళండి. మందుల జాబితా రాసుకెళ్ళడం కంటే, ఇంట్లో ఉన్న మందులన్నిటినీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి బల్ల మీద పెట్టడం మేలు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగుతున్నట్టు ఎక్కువగా అక్కడే బయటపడుతుంది. వాటిలో ఏవి ఇప్పుడు ఆపవచ్చో ముందుగా అడగండి. కొత్తవి రాయించుకోవడం ఆ తరువాతి పని.